పిండి దుమ్ము – మన ఊపిరితిత్తులు



డిసెంబరు నెల వచ్చిందంటే మన ఊళ్ళలో పిండిమరలకు తీరిక ఉండదు. క్రిస్మసుకు అరిసెలు, జంతికలు, కజ్జికాయలు వండుకొనేవారు, ఆ వెంటనే సంక్రాంతికి వండుకొనేవారు డబ్బాలు తెచ్చి వరుసలో పెడతారు. బేకరీలలో కేకుల పని అర్ధరాత్రి దాటినా సాగుతూనే ఉంటుంది. మనకు పండుగ. మర దగ్గర నిలబడిన మనిషికి మాత్రం తల వెంట్రుకలు, కనుబొమలు, కంటి రెప్పలు కూడా తెల్లబడిపోయి ఉంటాయి. మధ్యమధ్య దగ్గుతూ పని చేస్తుంటాడు. "పిండే కదా, తినే వస్తువే కదా, ఏమవుతుంది?" అని అతడూ అనుకుంటాడు, మనమూ అనుకుంటాం. పండుగలు అయిపోయాక జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆయాసంతో మన ఓ.పి.కి వచ్చేవారిలో ఈ పనివారు కూడా ఉంటారు. చీటీలో "దగ్గు, ఆయాసం" అని రాస్తారు గాని ఏం పని చేస్తారన్నది చాలాసార్లు రాయరు. మేము అడగకపోవడం కూడా ఒక తప్పే.

ఇటలీ దేశంలో రామజ్జిని అనే వైద్యుడు 1700లో పనివారి జబ్బుల గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. రోగిని చూసేటప్పుడు వైద్యుడు అడగవలసిన ప్రశ్నలకు "నీవు ఏ పని చేస్తావు?" అనే ప్రశ్నను కూడా చేర్చాలని చెప్పినది ఆయనే. రొట్టెలు కాల్చేవారికి, పిండి విసిరేవారికి దగ్గు, బొంగురు గొంతు, ఆయాసం వస్తున్నాయని ఆ పుస్తకంలోనే రాశాడు. అంటే ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు.

కడుపులోకి వెళితే ఆహారం, ఊపిరిలోకి వెళితే?

మనం తినే పిండి ఉడికి లేదా కాలి, కడుపులో జీర్ణమై రక్తంలో కలుస్తుంది. ఊపిరితిత్తులకు జీర్ణం చేసుకొనే పని లేదు. వాటికి గాలి ఒక్కటే కావాలి. ముక్కులోని వెంట్రుకలు, జిగురు పెద్ద రేణువులను పట్టుకొంటాయి. శ్వాసనాళాల లోపలి గోడలకు కంటికి కనబడనంత సన్నని నూగు ఉండి, పడిన దుమ్మును కఫంతో కలిపి పైకి నెడుతూ ఉంటుంది. ఇది దేవుడిచ్చిన చీపురు. అయితే రోజుకు పది గంటలు దుమ్ము పడుతూ ఉంటే ఆ చీపురు ఎంతని ఊడుస్తుంది? పొగ తాగేవారిలో ఆ నూగు ముందే దెబ్బతిని ఉంటుంది. అందుకే మరలో పనిచేస్తూ బీడీ కాల్చేవారికి నష్టం రెండింతలు కన్నా ఎక్కువే అని నా అభిప్రాయం.

పిండి దుమ్ము రెండు రకాలుగా హాని చేస్తుంది. మొదటిది రాపిడి. ఇది ఎవరికైనా జరుగుతుంది. దుమ్ము ఎంత ఎక్కువైతే గొంతు గరగర, దగ్గు, కళ్ళె అంత ఎక్కువ. ఏళ్ళ తరబడి సాగితే శ్వాసనాళాలు వాచిపోయి, ప్రతి ఉదయం కళ్ళె పడే దీర్ఘకాలపు దగ్గుగా స్థిరపడుతుంది.

రెండవది ఎలర్జీ. ఇది కొందరికే వస్తుంది, కాని వస్తే పోదు. గోధుమలో ఉండే మాంసకృత్తులను శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకొంటుంది. ఆ తరువాత కొద్దిపాటి దుమ్ము తగిలినా శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. దీనినే బేకరీ పనివారి ఉబ్బసం అంటారు. గోధుమపిండి, మైదా ఒక్కటే కారణం కాదు. శనగపిండి, సోయాపిండి వలన కూడా రావచ్చు. బ్రెడ్ మెత్తగా పొంగడానికి కలిపే పొడులలో ఒక రకం బూజు నుండి తీసిన ఎమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది చాలా కొద్ది మోతాదులోనే ఎలర్జీ తెప్పించగలదు. నిలవ ధాన్యంలో పుట్టే పురుగు, కంటికి కనబడని సన్న పురుగులు, బూజు కూడా ఆ దుమ్ములో ఉంటాయి. మిరపకాయలు పట్టేటప్పుడు వచ్చే కోరు వేరు. అది ఘాటు వలన వచ్చే దగ్గు. అయితే ఉబ్బసం ఉన్నవారికి అదే పెద్ద ఆయాసాన్ని తెస్తుంది.

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను సిస్టర్ గారూ, ఇన్నాళ్ళూ రానిది ఇప్పుడెందుకు వస్తుంది?" అని అడుగుతారు. ఎలర్జీ మొదటి రోజున రాదు. కొందరికి కొన్ని నెలలకు, మరికొందరికి ఎన్నో ఏళ్ళకు శరీరం తిరగబడుతుంది. చిన్నప్పటి నుండి తుమ్ములు, గజ్జి వంటి ఎలర్జీ పుండ్లు, ఉబ్బసం ఉన్నవారికి, ఆ కుటుంబాలవారికి అవకాశం మరింత ఎక్కువ.

ఇంకొక ఆశ్చర్యం. ఈ ఉబ్బసం ఉన్నవారిలో చాలామంది చపాతీ, రొట్టె తింటే ఏమీ కాదు. "తింటే పడుతోంది కాబట్టి పిండి నాకు పడనిది కాదు" అని వాదించడానికి వీలులేదు.

ఎంత దుమ్ము ఎక్కువ అని అడిగితే, అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఒక ఘనమీటరు గాలిలో అర మిల్లీగ్రాము పిండి దుమ్ముకు మించరాదని సూచిస్తుంది. ఒక బియ్యపు గింజ బరువు సుమారు ఇరవై మిల్లీగ్రాములు. అందులో నలభయ్యో వంతు అన్నమాట. ఎండ కిరణంలో పిండి పొగలా లేచి కనబడుతూ ఉంటే ఆ హద్దు ఎప్పుడో దాటిపోయినట్లే అనుకోవాలి.

ఎలా గుర్తుపట్టాలి?

మొదట ముక్కుతో మొదలవుతుంది. మర దగ్గరకు వెళ్ళగానే వరుస తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళు దురద. దీనిని రొంప అని వదిలేస్తారు. నిజానికి ఇదే మనకు దొరికే మంచి సమయం. తరువాత పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్లు ఉండడం, పిల్లికూతలు, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తాయి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడ. కొందరికి దుమ్ము తగిలిన కొద్ది నిమిషాలలోనే ఆయాసం వస్తుంది. మరికొందరికి నాలుగు నుండి ఎనిమిది గంటల తరువాత వస్తుంది. పగలంతా బాగానే పనిచేసి, రాత్రి పదకొండు గంటలకు దగ్గుతో లేచి కూర్చొంటారు. "చలిగాలి పడలేదు", "రాత్రి పెరుగు తిన్నాను" అనుకొంటారే గాని పగలు చేసిన పని గుర్తుకు రాదు.

అందుచేత మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఆదివారం మర మూసిన రోజున, లేదా చుట్టాల ఊరు వెళ్ళి నాలుగు రోజులు ఉన్నప్పుడు దగ్గు తగ్గుతోందా? తిరిగి పనిలోకి వచ్చాక ఎక్కువవుతోందా? అవును అయితే వెంటనే డాక్టరు గారికి ఈ మాట చెప్పండి. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. ఉబ్బసం ఉన్నవారి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష కావాలి. అవసరమైతే చర్మం మీద చేసే ఎలర్జీ పరీక్షలు కూడా పెద్ద ఆసుపత్రులలో చేస్తారు.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, పిండి దుమ్మే కారణమని మీరంతట మీరే తేల్చుకోకూడదు. తప్పక కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దుమ్ము అనుకొని క్షయను దాచిపెట్టిన వారినీ చూశాను, క్షయ కాదని తేలగానే ఇక ఏ జబ్బూ లేదని వెళ్ళిపోయి, ఆరు నెలలకు ఆక్సిజన్ మీద వచ్చిన వారినీ చూశాను.

ఒక పిండిమర యజమాని సంగతి

పేరు చెప్పను. వయసు నలభై ఆరు. భార్యతో వచ్చాడు. మూడు సంవత్సరాలుగా దగ్గు. చలికాలమంతా ఊళ్ళో సూదిమందు వేయించుకోవడం, రెండు రోజులు బాగుండడం, మళ్ళీ మొదలు. ఆ వారం రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చొంటున్నాడట. డాక్టరు గారు చూసి, అతనికి పీక్ ఫ్లో మీటరు ఒకటి ఇప్పించి, నన్ను నేర్పించమన్నారు.

ఇది చిన్న ప్లాస్టిక్ గొట్టం. నిండుగా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదితే లోపలి ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చినది రాసుకోవాలి. ఉదయం లేవగానే, పనిలో ఉండగా, పని దిగాక, పడుకొనే ముందు, రోజుకు కనీసం నాలుగుసార్లు, రెండు మూడు వారాలు, సెలవు రోజులతో సహా. అతనికి చదువు తక్కువ. భార్య పిల్లల నోటుపుస్తకంలో గీతలు గీసి రాసింది. మూడు వారాల తరువాత ఆ పుస్తకం తెచ్చారు. ఆదివారం సాయంత్రం 400. సోమవారం నుండి దిగుతూ గురువారం రాత్రికి 290. మళ్ళీ ఆదివారం 390. మూడు వారాలూ అదే వరుస. డాక్టరు గారు ఆ పుస్తకం చూసి "ఇంతకన్నా మంచి కేసుషీటు మన దగ్గర లేదు" అన్నారు. ఆమె చిన్నగా నవ్వింది.

తరువాతి మాట కష్టమైనది. ఎలర్జీ వలన వచ్చిన ఉబ్బసానికి అసలు వైద్యం ఆ దుమ్ముకు దూరంగా ఉండడం. మందులు వాడుతూ అదే దుమ్ములో నిలబడితే జబ్బు ముదురుతూనే ఉంటుంది. తొందరగా దూరమైనవారు బాగా కోలుకొంటారు. ఆలస్యమైతే పని మానినా ఆయాసం మిగిలిపోవచ్చు. ఇది అతనికి చెప్పాలి. చెప్పాము.

"మర మీద అప్పు ఉంది అమ్మగారూ. కూతురి ఫీజులు ఉన్నాయి. మర మానేయమంటే నన్ను ఏం తినమంటారు?" అన్నాడు.

నాకు జవాబు లేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో "పని మానేయండి" అని చెప్పడం నాకు ఎప్పుడూ తేలిక కాలేదు. చెప్పే మనకు జీతం వస్తుంది. ఆ రోజు డాక్టరు గారు మానమని గట్టిగా చెబుతూనే, మానేంతవరకు ఏం చేయగలమో చూద్దామన్నారు. తరువాతి వారం నేను, మా కమ్యూనిటీ హెల్త్ సిస్టరు అతని మర చూడడానికి వెళ్ళాము.

మరలో ఏం చేయవచ్చు?

మర అడుగున పిండి వచ్చే మూతికి ఒక గుడ్డ గొట్టం కట్టి డబ్బాలోకి వదులుతారు, మీరు చూసే ఉంటారు. అతని మరకు ఆ గుడ్డ నాలుగు చోట్ల చిరిగి ఉంది. డబ్బా మూతి కన్నా జానెడు పైకి ఉంది. సగం పిండి గాలిలోకే పోతోంది. దట్టమైన కొత్త గుడ్డతో, డబ్బా లోపలి వరకు దిగేలా పొడవైన గొట్టం కుట్టించి, డబ్బా మూతి చుట్టూ బిగించి కట్టమన్నాము. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. గొట్టాన్ని చేత్తో దులిపే అలవాటు మానాలి. డబ్బా నిండాక మర ఆపి, పిండి సర్దుకొన్నాక నెమ్మదిగా విప్పాలి.

పై తొట్టిలో గింజలు పోసేటప్పుడు ఎత్తు నుండి గుమ్మరించకూడదు. పట్టే ముందు ధాన్యాన్ని బయట, గాలి వాలు చూసుకొని జల్లించి శుభ్రం చేసుకొంటే పురుగు, మట్టి లోపలికి రావు.

ఫ్యాను విషయం. అతను బల్ల మీద ఫ్యాను పెట్టుకొని పని చేస్తున్నాడు. అది దుమ్మును బయటకు పంపదు, గది అంతా తిప్పుతుంది. గాలిని బయటకు లాగే ఎగ్జాస్టు ఫ్యాను మరకు దగ్గరలో, మనిషికి అవతలి వైపు ఉండాలి. దుమ్ము అతని ముఖం మీదుగా పోకుండా, ముఖానికి దూరంగా పోవాలి.

సాయంత్రం మర మూసేముందు పొడి చీపురుతో ఊడవడం, గోడలు దులపడం రోజంతటిలో ఎక్కువ దుమ్ము మింగే సమయం. తడి గుడ్డతో తుడవాలి. వీలైతే పరిశ్రమలలో వాడే వాక్యూమ్ క్లీనరు వాడాలి. కంప్రెసర్ గాలితో ఒంటి మీద పిండి ఊదుకోవడం అసలే వద్దు. మరలో బీడీ, అగ్గిపుల్ల కూడా వద్దు. గాలిలో దట్టంగా తేలే పిండి బాంబులా పేలగలదు. 1878లో అమెరికాలోని మినియాపొలిస్‌లో పెద్ద పిండిమిల్లు అలా పేలి 18 మంది చనిపోయారు.

అరిసెల కోసం నానబెట్టి ఆరబోసిన తడి బియ్యం పట్టినప్పుడు దుమ్ము తక్కువ. గోధుమలు, శనగపప్పు పట్టినప్పుడే ఎక్కువ. మిరపకాయలు వేరే రోజున, వేరే మరలో పట్టడం మంచిది. రాతి మరలకు గాట్లు కొట్టేటప్పుడు లేచేది పిండి కాదు, రాతి పొడి. కొన్ని రాళ్ళలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను గట్టిపరిచే వేరే జబ్బు తెస్తుంది. ఆ పని బయట, రాయిని తడిపి, మాస్కు పెట్టుకొని చేయాలి.

బేకరీలో పనిచేసే పిల్లలు మన సంఘాలలో కూడా ఉన్నారు గనుక రెండు మాటలు. మైదా బస్తాను పైనుండి దులిపి గుమ్మరించవద్దు. బస్తా మూతిని గిన్నె లోపల పెట్టి నెమ్మదిగా వంచాలి. మిక్సరుకు మూత ఉంటే మూత పెట్టి, పిండి తడిసేవరకు నెమ్మది స్పీడులోనే తిప్పాలి. బల్ల మీద పిండి విసిరి చల్లే అలవాటుకు బదులు నూనె రాయవచ్చు, లేదా చిన్న జల్లెడతో దగ్గరగా చల్లవచ్చు. ఖాళీ బస్తాలను మడిచేటప్పుడు తట్టకుండా చుట్టాలి. ఇవి చెప్పినప్పుడు మాస్టర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మాస్కు

2020లో కరోనా వచ్చాక ఎన్-95 అంటే ఏమిటో అందరికీ తెలిసింది. అంతకుముందు ఎంత చెప్పినా ముఖానికి తువాలు చుట్టుకొనేవారు. తువాలు, చేతి రుమాలు సన్నని దుమ్మును ఆపవు. ఆసుపత్రిలో వాడే నీలం మాస్కు కూడా ఈ పనికి సరిపోదు, పక్కల నుండి గాలి దూరుతుంది. ఎన్-95 లేదా ఎఫ్‌ఎఫ్‌పి-2 మాస్కు ముక్కు మీద తీగ నొక్కి, గడ్డం కిందికి బిగుతుగా ఉండాలి. గడ్డం పెంచినవారికి అది సరిగా అతకదు. చెమటకు తడిసినా, ఊపిరి బరువుగా అనిపించినా మార్చాలి. మాస్కు ఆఖరి రక్షణ మాత్రమే. చిరిగిన గుడ్డ గొట్టం అలాగే ఉంచి మాస్కు పెట్టుకొంటే ప్రయోజనం కొంచెమే. ఇప్పటికే ఎలర్జీ వచ్చినవారికి మాస్కు ఒక్కటే చాలదు.

పని బట్టలతో ఇంటికి వెళ్ళవద్దు. మర దగ్గరే మార్చుకొని, తల తుడుచుకొని వెళ్ళాలి. ఆ బట్టలు దులపకుండా నీళ్ళలో నానబెట్టాలి. అతని భార్యకు కూడా ఆ బట్టలు దులిపినప్పుడల్లా తుమ్ములు వస్తున్నాయని అడిగితే గాని చెప్పలేదు.

పీల్చే మందుల గురించి

ఇన్‌హేలరు అంటే ఆఖరి మందు అనీ, అలవాటు పడితే మానలేమనీ భయం ఉంది. అది నిజం కాదు. మాత్ర ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది, పీల్చే మందు నేరుగా చేరుతుంది గనుక చాలా తక్కువ మోతాదు చాలు. వాపు తగ్గించే మందు రోజూ వాడాలి, ఆయాసం లేని రోజున కూడా. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. వెంటనే ఉపశమనం ఇచ్చే మందు ఒక్కదానితోనే నెట్టుకురావడం ప్రమాదం. పొడి క్యాప్సూల్ ఇస్తే అది పరికరంలో పెట్టి పీల్చడానికే. మింగేసి "పనిచేయలేదు" అని వచ్చినవారు ఉన్నారు. సిగ్గుపడక సిస్టరు ఎదుట ఒకసారి వాడి చూపించండి.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, ఉపశమనపు మందుకు కూడా తగ్గకపోవడం – ఈ మూడింటిలో ఏది కనబడినా తెల్లవారేవరకు ఆగవద్దు. క్యాజువాలిటీకి తీసుకురండి. 108కి ఫోను చేయండి.

ఆ యజమాని సంగతి పూర్తి చేయలేదు. అతను మర మూయలేదు. తొట్టి దగ్గర పనికి బావమరిది వచ్చాడు. ఇతను వీధి వరండాలో కాటా, డబ్బుల లెక్క చూసుకొంటున్నాడు. గొట్టం మార్చారు, ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించారు. నాలుగు నెలలకు పీక్ ఫ్లో గురువారాలు కూడా 360 దాటింది. పూర్తిగా తగ్గిందని చెప్పను. పండుగ రద్దీలో లోపలికి వెళితే ఆ రాత్రి ఇప్పటికీ దగ్గుతాడు. బావమరిదికి కూడా ఏడాదికి ఒకసారి ఊపిరి పరీక్ష చేయించమని చెప్పాము. తుమ్ములు మొదలైతే అంతవరకు కూడా ఆగవద్దన్నాము.

పోయిన వేసవిలో అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి తన కోసం కాదు. ఇంటర్ తప్పిన కొడుకును వెంట తెచ్చాడు. "వీడికి మర అప్పగిద్దామనుకొంటున్నాను, ఏమంటారు?" అన్నాడు. ఆ అబ్బాయికి చిన్నప్పుడు మోచేతుల మడతలలో ఎలర్జీ పుండ్లు ఉండేవట, వానాకాలంలో ఇప్పటికీ పిల్లికూతలు వస్తాయట. డాక్టరు గారు పరీక్ష చేసి, ఈ పని ఇతనికి వద్దని చెప్పారు. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. మర అమ్మితే ఎంత వస్తుందో, అప్పు పోగా ఎంత మిగులుతుందో వరండాలో కూర్చొని భార్యాభర్తలు లెక్క వేసుకొన్నారు. అబ్బాయి ఇప్పుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నాడు. మరకు ఇంకా బేరం కుదరలేదు.